బావి పక్కన పెంటకుప్ప, మూడు పథకాలు, నా తిప్పలు

నల్లగొండ జిల్లాలో నీళ్ళు బాగాలేవంటే ఎవరికైనా ముందు తట్టేది ఫ్లోరైడే. తట్టకుండా ఎట్లా ఉంటుంది? నీళ్ళలోంచి ఫ్లోరైడ్ తీయడానికి 1970ల్లో నీరీ (జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు కనిపెట్టిన పద్ధతికి పేరే 'నల్గొండ టెక్నిక్'. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి నీళ్ళను తేర్చడం. మా అత్తమ్మ ఈడు వాళ్ళలో పళ్ళు గారపట్టినవాళ్ళు, మోకాళ్ళు వంగిపోయినవాళ్ళు మా వాడలోనే ఉన్నారు. మిషన్ భగీరథ నల్లా వచ్చాక తాగేనీళ్ళ భయం చాలావరకు పోయింది. అయితే ఆ ఫ్లోరైడ్ భయం మమ్మల్ని ఎంత పట్టుకుందంటే, బావిలో ఇంకేదైనా ఉండొచ్చని ఎవరికీ అనుమానమే రాలేదు. మా బావిలో నైట్రేట్ ఉంది. అది ఎక్కడో ఫ్యాక్టరీ నుంచి రాలేదు, మా బర్రెల పెండ నుంచే వచ్చింది. దాన్ని ఆపడానికి సర్కారు డబ్బులు ఏమైనా దొరుకుతాయా అని తిరిగిన తిరుగుడు గురించే ఇది.

విషయం బయటపడింది నీళ్ళ పరీక్ష కిట్టు వల్ల. జల్ జీవన్ మిషన్‌లో ఊరికి అయిదుగురు ఆడవాళ్ళకు నీళ్ళ పరీక్ష నేర్పాలని నియమం. మా మహిళా సంఘం నుంచి నన్ను పంపారు, డిగ్రీ చదివిందని. చిన్న చిన్న సీసాలు, పొడులు, రంగుల చార్టు. నల్లా నీళ్ళు చూశాం, బడి దగ్గర చూశాం, అన్నీ బాగానే ఉన్నాయి. మిగిలిన పొడులు ఊరికే పోతాయెందుకని మా పెరటి బావి నీళ్ళు పట్టి నైట్రేట్ పొడి వేశాను. ముందు లేత గులాబీ రంగు వచ్చింది. చార్టు పక్కన పెట్టి చూస్తుండగానే చిక్కబడి, చార్టులో చిట్టచివరి గడి దాకా పోయింది. తాగేనీళ్ళలో నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటొద్దని మన దేశ ప్రమాణం. కిట్టు లెక్క ఉజ్జాయింపే కదా అని సీసాలో పట్టి ల్యాబుకు పంపిస్తే, 45కు దాదాపు రెట్టింపని వచ్చింది.

మేం ఆ నీళ్ళు తాగం. కానీ బర్రెలు తాగుతాయి, గిన్నెలు ఆ నీళ్ళతోనే తోముతాం, నల్లా రాని రోజున పక్కింటివాళ్ళు బిందె ముంచుకుపోతారు. వాళ్ళింట్లో అప్పుడు చంటిపిల్ల ఉంది. నైట్రేట్ పెద్దవాళ్ళను వెంటనే ఏమీ చేయదు గానీ ఆరు నెలల్లోపు పిల్లలకు డబ్బాపాలు ఆ నీళ్ళతో కలిపితే రక్తం ఆక్సిజన్ మోయలేక ఒళ్ళు నీలంగా మారుతుంది. మరగబెడితే పోతుందిలే అనుకునేరు, పోదు. నీళ్ళు ఆవిరై నైట్రేట్ ఇంకా చిక్కబడుతుంది. ఆ సంగతి చెప్పినరోజు నుంచి పక్కింటి వదిన మా బావి వైపు రాలేదు. నాతో కొన్నాళ్ళు సరిగా మాట్లాడనూ లేదు, నేనేదో బిందె ముంచొద్దని సాకు చెప్పానని.

ఇప్పుడు మా పెరడు ఎట్లా ఉండేదో చెప్పాలి. ఇంటి వెనక కొట్టం, అందులో అయిదు బర్రెలు, రెండు దుడ్డెలు. కొట్టంలో నేల మట్టిదే. కొట్టం పక్కన పెంటకుప్ప, కుప్పకు ఇరవై అడుగుల లోపలే బావి. నేల వాలు బావి వైపే. మా మామయ్య బావి తవ్వించినప్పటికే కుప్ప అక్కడ ఉందట. పెద్ద బర్రె ఒకటి రోజుకు పదిహేను నుంచి ఇరవై కిలోల పెండ వేస్తుంది, మూత్రం వేరే. అయిదింటి పెండ లెక్క కడితే ఏడాదికి ఇరవై అయిదు టన్నుల పైమాటే. అది ఎండాకాలం ముందు ట్రాక్టరుకెక్కేదాకా వానలన్నీ అక్కడే తాగుతుంది. కుప్పలోని నత్రజని ముందు అమ్మోనియా అయి, తర్వాత నైట్రేట్ అవుతుంది. నైట్రేట్ నీళ్ళలో కరిగిపోయే సరుకు, మట్టికి అంటుకోదు. మాది పైన గజం లోతు మొరం, కింద పగుళ్ళ రాయి. వానపడ్డాక కుప్ప అడుగునుంచి వచ్చే ఆ టీ డికాక్షన్ రంగు నీళ్ళు ఎటు పోతున్నాయో చూడడానికి చదువు అక్కర్లేదు.

అత్తమ్మకు మాత్రం కుప్పంటే ఆస్తి. మాకు రెండెకరాల బత్తాయి తోట ఉంది, ఎకరంన్నర వరి. తోటకు పోగా మిగిలిన పెంట ట్రాక్టరు ట్రిప్పు లెక్కన అమ్ముతాం, ఆ డబ్బులు అత్తమ్మ చేతికే వస్తాయి. "ఇంటికి దూరం జరిపితె ఎవడన్న ఎత్తుకపోతడు బిడ్డా" అని ఆమె మొదటి అభ్యంతరం. నవ్వొచ్చింది గానీ, మా ఊళ్ళో అది జరగని పనేం కాదు.

పథకాలు ఏమున్నాయని పంచాయతీ కార్యదర్శి మేడమ్‌ను అడిగితే ఆమె ఓపికగా కూర్చోబెట్టి చెప్పింది. నాకంటే చిన్న పిల్ల, పని తెలిసిన మనిషి. ఉపాధి హామీలో సన్న, చిన్నకారు రైతుకు సొంత జాగాలో కంపోస్టు గుంత, పశువుల కొట్టం, ఇంకుడు గుంత కట్టుకోవచ్చు. ఇంట్లో జాబ్ కార్డు ఉండాలి, ఒక్కరైనా ఆ పనిలో కూలికి దిగాలి. గోబర్ గ్యాస్‌కు కేంద్రం సబ్సిడీ వేరే ఉంది, అది మన రాష్ట్రంలో రెడ్కో (పునరుత్పాదక ఇంధన సంస్థ) వాళ్ళు చూస్తారు. తోట ఉంది కాబట్టి ఉద్యానశాఖలో వర్మీకంపోస్టు బెడ్డుకు సగం సబ్సిడీ వస్తుంది, పన్నెండడుగుల ప్లాస్టిక్ బెడ్డుకు అప్పట్లో ఎనిమిది వేల దాకా. గోబర్ధన్ అని ఇంకో పేరు విన్నాను, స్వచ్ఛ భారత్ కింద 2018లో మొదలైంది, జిల్లాకు 50 లక్షల దాకా ఇస్తారన్నారు. దాని గురించి అడిగితే నవ్వింది. అది ఊరికో, గోశాలకో పెద్ద ప్లాంటు పెట్టేందుకక్కా, అయిదు బర్రెలకు కాదు అంది.

పెద్ద డెయిరీ ఫారాలకైతే కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో మార్గదర్శకాలు ఇచ్చింది. పెండ ఎక్కడ నిల్వ చేయాలి, కడిగిన నీళ్ళు ఎటు పోవాలి, అన్నీ రాసి ఉన్నాయి. మాలాంటివాళ్ళను ఎవరూ అడగరు. ఒక ఊళ్ళో నలభై ఇండ్లలో అయిదేసి బర్రెలుంటే రెండు వందల బర్రెల ఫారం ఉన్నట్టే కదా. మరి దాన్ని అడిగేదెవరు?

కాగితాల దగ్గర పెద్ద విశేషం లేదు. పట్టా పాస్‌బుక్ అత్తమ్మ పేరు మీద, జాబ్ కార్డు మా ఆయన పేరు మీద. ఇద్దరూ ఒకే కుటుంబమని రాయించుకోవడం, జాబ్ కార్డుకు ఆధార్ కలపడం, బ్యాంకులో ఎన్‌పీసీఐ మ్యాపింగ్ (ఖాతాను ఆధార్‌కు ముడిపెట్టడం) చేయించడం. 2024 జనవరి నుంచి ఉపాధి కూలి ఆధార్ ద్వారానే అని గట్టిగా చెప్పేశారు కాబట్టి ఆ మ్యాపింగ్ లేకపోతే ఒక్క రూపాయి పడదు. ఇది ముందు చేసుకుంటే చాలు, మిగతావి వాళ్ళే అడిగి తీసుకుంటారు.

గ్రామసభలో మా పేరు రాశారు. అది 2023 వానాకాలం. ఇక కదులుతుందనుకునేలోపు అక్టోబరు 9న అసెంబ్లీ ఎన్నికల కోడ్ వచ్చింది, కొత్త పనులు మంజూరు చేయొద్దన్నారు. ఎన్నికలయ్యాక డిసెంబరు ఆఖరులో కొత్త సర్కారు పథకాలకు ప్రజాపాలన దరఖాస్తులు. ఆఫీసులో మనిషన్నవాడు దొరికితే ఒట్టు, అందరూ ఆ ఫారాల కట్టల మధ్యే. అవి సర్దుకునేసరికి సర్పంచుల పదవీకాలం అయిపోయి 2024 ఫిబ్రవరిలో ప్రత్యేకాధికారులు వచ్చారు. మా ఊరి జాబితా మీద ఎవరు సంతకం పెట్టాలో కొన్ని వారాలు ఎవరికీ తెలియలేదు. మార్చి 16న పార్లమెంటు ఎన్నికల కోడ్. నయమేమిటంటే మా పని అప్పటికే మంజూరై ఉండడం.

కానీ మంజూరైంది మేం అడిగింది కాదు. మేం అడిగింది ఇటుకలతో భూమి మీద కట్టే నాడెప్ ఎరువు తొట్టి, కొట్టానికి సిమెంటు నేల. మంజూరైంది భూమిలో తవ్వే కంపోస్టు గుంత.

ఇక్కడే నాకు ఈ పథకం ఎట్లా నడుస్తుందో అర్థమైంది. ఉపాధి హామీ మొత్తం ఖర్చులో కనీసం 60 శాతం కూలికి పోవాలి, సామాన్లకు 40 శాతం దాటొద్దు. చట్టం పెట్టిన ఉద్దేశం మంచిదే, కాంట్రాక్టర్లు మింగకుండా కూలివాడికి పని దొరకాలని. అయితే దాంతో ఏమవుతుందంటే, తవ్వే పని ఎంతైనా ఒప్పుకుంటారు, ఇటుక, సిమెంటు, కంకర పడే పని లైన్లో నిలబడుతుంది. కొట్టం నేల అంటే దాదాపు అంతా సామానే. గుంత అంటే అంతా కూలి. కాబట్టి గుంతలు తొందరగా మంజూరవుతాయి. ఇప్పుడు పెండను తీసుకుపోయి మొరంలో మూడడుగుల లోతు తవ్విన పచ్చి గుంతలో వేస్తే ఏమవుతుంది? పైన కుప్పగా ఉన్నప్పుడు కనీసం కొంత నీళ్ళు పక్కకు పారిపోయేవి. గుంతలో వానంతా నిలిచి, నిదానంగా కిందికే దిగుతుంది. నీళ్ళను కాపాడాలంటే కావలసింది తవ్వకం కాదు, సిమెంటు. మా బావి గొడవంతా ఆ 60, 40 లెక్కలో ఇరుక్కుంది.

ఉపాధి పనులు కొలిచే టెక్నికల్ అసిస్టెంట్ సార్ మార్కింగ్‌కు, అంటే గుంత జాగా గుర్తు పెట్టడానికి వచ్చిన రోజు మా మధ్య జరిగిన మాటలు నాకు బాగా గుర్తు. ఆయన చెడ్డవాడు కాదు, మండలంలో సగం ఊళ్ళు ఆయన నెత్తి మీదే ఉన్నాయి. వచ్చీరాగానే పాత కుప్ప పక్కన నిలబడి ఫోన్‌తో ఫోటో తీశాడు. ఉపాధి పనులకు మొదలుపెట్టక ముందు, నడుమ, అయిపోయాక జియోట్యాగ్ ఫోటోలు (జాగా వివరం కూడా ఎక్కేవి) తీయాలి. నేను పరిగెత్తుకుంటూ వెళ్ళాను.

"సార్, గుంత ఇక్కడ కాదు. ఆ చింతచెట్టు అవుతల, తోట దిక్కు."

"అక్కడైతె ఇంటికి దూరం కదమ్మా. రోజు పెండ మోసేది మీరే. మీకే తిప్పలు."

"మోస్తం సార్. ఇక్కడ తవ్వితె రసమంత బాయిలకే పోతది."

"ఫోటో ఎక్కిపాయె. లొకేషన్ పట్టేసింది. మార్చాలంటె వర్క్ ఐడీ మల్ల కొత్తగ తియ్యాలె, ఎంత లేటైతదో నేను చెప్పలేను."

"లేటైనా సరే సార్. గుంత కూడ వద్దు, నాడెప్ రాయండి."

ఆయన కాసేపు నా మొహం చూశాడు. ఉచితంగా వస్తున్నదాన్ని వద్దనేవాళ్ళు ఆయనకు రోజూ కనపడరు కదా. ల్యాబు కాగితం తెచ్చి చూపించాను. చదివి, "నైట్రేట్ అంటె యూరియాల ఉంటదే, గదేనా?" అన్నాడు. దగ్గరదగ్గర అదే అన్నాను. బావిలోకి తొంగి చూశాడు. పైన ఆకుపచ్చ పాచి దళసరిగా ఉంది. ఏమీ అనకుండా ఫోన్ జేబులో పెట్టుకుని చింతచెట్టు దాకా నడిచి, టేపు తీశాడు.

కొత్త వర్క్ ఐడీ రావడానికి చాలా ఆలస్యమైంది. ఈలోపు ఇంట్లో నా పరువు పోయింది. "అచ్చిన గుంతను కాలదన్నుకున్నది" అని అత్తమ్మ వాడంతా చెప్పింది. మా ఆయన అటూ ఇటూ మాట్లాడకుండా పొలానికి వెళ్ళిపోయేవాడు.

నాడెప్ తొట్టి సంగతి తెలియనివాళ్ళకు: పదడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు, గోడలో గాలికోసం అక్కడక్కడా ఇటుక సందులు వదులుతారు. మహారాష్ట్ర యవత్మాల్ జిల్లా రైతు నారాయణ్ దేవ్‌తావ్ పాండరీపాండే దాన్ని రూపొందించాడు, ఆయన పేరులోని అక్షరాలే నాడెప్. పెండ, చెత్త, మట్టి వరసలుగా వేసి పైన పెండతో అలికేస్తే మూడు నాలుగు నెలల్లో ఎరువు తయారు. పెండ తక్కువ పడుతుంది, చెత్త ఎక్కువ పోతుంది. మాకు కావలసింది అడుగు. ఎస్టిమేటులో అడుగుకు ఇటుక పరుపు మాత్రమే ఉంది. మేం మా డబ్బుతో కాంక్రీటు వేయించి, ఒక మూలకు వాలు ఇచ్చి, అక్కడ చిన్న గుంత కట్టించాం. దిగిన రసం అందులో చేరుతుంది, దాన్ని మళ్ళీ పైనే పోస్తాం. తొట్టి పైన పాత ఫ్లెక్సీలు కప్పాం. ఎన్నికలు రెండు జరిగిన ఏడాది, ఫ్లెక్సీలకు కరువు లేదు.

కూలి బాగానే వచ్చింది. 2024-25లో తెలంగాణలో ఉపాధి కూలి రోజుకు 300, అంతకు ముందటేడు 272. ఫీల్డ్ అసిస్టెంట్ పొద్దున, మధ్యాహ్నం రెండుసార్లు హాజరు కోసం యాప్‌లో ఫోటో తీయాలి, మా దగ్గర సిగ్నల్ రాక గుట్ట దిక్కు నడిచి ఎక్కించేవాడు. 2020లో ఫీల్డ్ అసిస్టెంట్లందరినీ తీసేసి 2022లో మళ్ళీ పెట్టుకున్నారు, ఆ రెండేళ్ళ అప్పుల కథ పని జరిగినన్నాళ్ళూ మాకు చెప్పాడు. సామాన్ల డబ్బు మాత్రం మనం ముందు పెట్టుకోవాల్సిందే. పని అయ్యాక కొలతలు ఎం.బుక్ అనే కొలతల పుస్తకంలో ఎక్కాలి, వాటిని పై అధికారి సరిచూసే చెక్ మెజర్‌మెంట్ కావాలి, డబ్బు వేయమనే ఆర్డరు ఎఫ్‌టీవో జనరేట్ కావాలి, ఆ తర్వాత నిధులుంటే పడతాయి. నేను సంఘం ద్వారా, మహిళా సంఘాలకు అప్పులిచ్చే స్త్రీనిధిలో అప్పు తీసుకున్నాను. సబ్సిడీ వస్తుందని మేస్త్రీకి చెప్పి ఇటుక అప్పుకు తెచ్చుకునేవాళ్ళు ఒకటికి రెండుసార్లు ఆలోచించుకోండి.

తొట్టి అయ్యాక కొట్టం నేల కూడా అదే ఊపులో మంజూరైంది. ఎవరు చెప్పారో, ఎట్లా వచ్చిందో నాకు ఇప్పటికీ అంతుబట్టలేదు, టెక్నికల్ అసిస్టెంట్ సార్ రాశాడనే నా అనుమానం. దాదాపు ఏడున్నర మీటర్ల పొడవు, మూడున్నర మీటర్ల వెడల్పు సిమెంటు నేల. ఎస్టిమేటు కాగితం అడిగి చదివాను. అందులో 250 లీటర్ల మూత్రం తొట్టి ఉంది. మా చుట్టుపక్కల ఊళ్ళలో ఉపాధి హామీ కింద కట్టిన కొట్టాలు నేను చూశాను, ఒక్కదానికీ ఆ తొట్టి లేదు. మేస్త్రీని అడిగితే "గది ఎవ్వరు కట్టించుకోరక్కా, వాసన" అన్నాడు. నేను కట్టమన్నాను. నేల వాలు తొట్టి వైపు రావాలని పైపు నీటిమట్టం పట్టించాను. నేల ఎండాక బక్కెట్టు నీళ్ళు పోస్తే ఒక మూల నిలిచిపోయాయి. మేస్త్రీకి కోపం వచ్చినా ఆ మూల చెక్కి మళ్ళీ పూశాడు.

మొత్తం పనిలో దేనివల్ల ఎక్కువ లాభం వచ్చిందని అడిగితే నేను ఈ తొట్టి, దానిదాకా వచ్చే జానెడు కాలువ అంటాను. తొందరగా కరిగి కిందికి దిగే నత్రజని ఎక్కువగా మూత్రంలోనే ఉంటుంది. గుంతకు ఫోటో వస్తుంది, గోబర్ గ్యాస్‌కు బోర్డు పెడతారు, ఈ జానెడు కాలువను ఎవరూ ఫోటో తీయలేదు.

ఇక గోబర్ గ్యాస్. దీని మీద మా ఆయనకే మోజు, సిలిండరు ధర చూసి. కేంద్ర పథకం 2021-22 నుంచి 2025-26 వరకు. ఒక ఘనపు మీటరు నుంచి పాతిక దాకా చిన్న ప్లాంట్లకు సైజును బట్టి సబ్సిడీ, జనరల్ కేటగిరీలో రెండు నుంచి నాలుగు ఘనపు మీటర్లకు 14,350 రూపాయలు ఇచ్చేవారు. ఘనపు మీటరు గ్యాసుకు రోజుకు పాతిక కిలోల పెండ కావాలి. మేం రెండుదే పెట్టుకున్నాం, రోజుకు యాభై కిలోలు. మా పెండలో సగం అందులోకి, మిగతాది నాడెప్‌లోకి. పెద్దది పెట్టుకుని పెండ చాలక మూలపడ్డ ప్లాంట్లు ప్రతి ఊళ్ళో ఒకటైనా ఉంటాయి, వెతికితే వాటిలో తుమ్మచెట్లు మొలిచి కనిపిస్తాయి.

దీనబంధు రకం, భూమిలో గుండ్రటి డోము. మామూలు తాపీ మేస్త్రీ చేతికి ఇవ్వొద్దు, డోము ఇటుకను సెంట్రింగ్ లేకుండా చేత్తో నిలబెట్టి కట్టడం శిక్షణ ఉన్నవాడికే వస్తుంది. ఆ మేస్త్రీ ఒకటే మాట అడిగాడు, బాయి ఎంత దూరం అని. పదిహేను మీటర్లకు తక్కువుంటే కట్టనన్నాడు. మొదటిసారి నా మాట నేను చెప్పకముందే ఎదుటివాడి నోట వచ్చింది.

మొదట నింపడానికి రెండు టన్నుల పెండ కావాలి, అంతే నీళ్ళు. మా బర్రెలది చాలక పక్కిళ్ళ నుంచి తెచ్చాం. పక్కింటి వదిన తనంతట తనే గంపతో తెచ్చి పోసింది, మాటలు అక్కడ కలిశాయి. మొదట వచ్చే గ్యాసు మండదు, అందులో ఎక్కువ బొగ్గుపులుసు గాలే. అగ్గిపుల్ల పెడితే ఆరిపోతుంది, మా ఆయన మొహం కూడా. అది వదిలేసి మళ్ళీ పట్టాలి. ఆ తర్వాత ఒకరోజు పట్టపగలు స్టవ్ వెలిగించి, మంట కనపడక, వెలగలేదనుకుని అత్తమ్మ చెయ్యి పెట్టబోయింది. నీలంగా, ఎండలో కంటికి ఆనని మంట. చాయ్ అయ్యాక గ్లాసు వాసన చూసి, "పెండ వాసన లేదే" అని ఆమె ఇచ్చిన సర్టిఫికెట్టే మాకు మొదటి కంప్లీషన్ సర్టిఫికెట్.

మొత్తం ఖర్చు సబ్సిడీకి మూడింతలు దాటింది. 14,350 ఖాతాలో పడ్డాయి, ఆలస్యంగానే పడ్డాయి గానీ ఎవరికీ ఏమీ ఇవ్వకుండా పడ్డాయి, అది కూడా చెప్పాలి. ఒకచోట మాత్రం 'ఖర్చులుంటాయి కదా' అని ఒకాయన చేతులు నలిపాడు. నేను అర్థం కానట్టు కూర్చున్నాను. కాసేపటికి ఆయనే లేచిపోయాడు.

గోబర్ గ్యాస్ పెడితే కాలుష్యం పోతుందని సబ్సిడీ కరపత్రాల్లో ఉంటుంది. పొగ పోతుంది, ఈగలు తగ్గుతాయి, నిజమే. కానీ గ్యాసుగా పోయేది ప్రధానంగా కార్బనే, పెండలోని నత్రజని దాదాపు మొత్తం స్లర్రీలోనే, అంటే ప్లాంటు నుంచి బయటికొచ్చే పెండ నీళ్ళలోనే మిగులుతుంది. పైగా ఇంకా తొందరగా కరిగే రూపంలో ఉంటుంది. మా పక్క ఊళ్ళో ఒకాయన స్లర్రీని నేరుగా మోరీలోకి వదులుతున్నాడు, మోరీ కుంటలో కలుస్తుంది, కుంట ఆకుపచ్చగా మారింది. ప్లాంటు ఉందని ఆయనకు అవార్డు ఇచ్చినా ఆశ్చర్యం లేదు. మేం స్లర్రీని చిన్న కాలువలో బత్తాయి తోట దాకా తీసుకుపోయి, వంతులవారీగా పాదుల్లోకి మళ్ళిస్తున్నాం. ఒకే చెట్టుకు రోజూ పోస్తే చెట్టుకూ దండగే, కిందికీ దిగుతుంది. వానాకాలంలో కాలువ బంద్ చేసి, స్లర్రీని నాడెప్‌లో ఎండు చెత్త మీద పోస్తాం. పోయినేడు యూరియా బస్తాలు తగ్గించాం. కాపు తగ్గలేదు, పెరిగిందని చెప్పడానికి ఇంకో రెండు కాపులు చూడాలి.

వర్మీ బెడ్డు తీసుకోలేదు. సగం సబ్సిడీ అయినా ఆ ఎండలకు ఎర్రలను బతికించే ఓపిక మా ఇంట్లో ఎవరికీ లేదు.

పాత కుప్పను పూర్తిగా ఎత్తి తోటకు తోలాక, దాని అడుగున రెండడుగుల మన్ను కూడా తీసి పొలంలో చల్లాం. నల్లగా, జిగటగా, ముక్కు పగిలే వాసన. దాని మీద మంచి మన్ను పోసి, వాలు బావికి ఎదురు తిప్పి, అంచున గినీ గడ్డి పెట్టాం. ఆ గడ్డి రాక్షసిలా పెరుగుతోంది, బర్రెలకు మేత. ఒక వానాకాలం గడిచాక కిట్టుతో చూస్తే రంగు చార్టులో చివరి గడి నుంచి వెనక్కి వచ్చింది. ల్యాబు లెక్క ఇంకా 45 పైనే. రాతి పగుళ్ళలో ఏళ్ళ తరబడి చేరింది ఒక్క ఏట దిగిపోదు. పాలిచ్చే బర్రెలకు, దుడ్డెలకు నల్లా నీళ్ళే పడుతున్నాం, బావి నీళ్ళు తోటకు.

కొట్టం నేలకు సామాన్ల బిల్లులో సగం ఇంకా రావాల్సే ఉంది. అడిగినప్పుడల్లా ఎఫ్‌టీవో అయింది అంటారు. స్త్రీనిధి కిస్తీ మాత్రం నెల తప్పకుండా కడుతున్నాను. పక్కింటి వదిన కూడా నాడెప్‌కు పేరు రాయించుకుంది, ఆమెకు మొన్ననే వర్క్ ఐడీ వచ్చింది. టెక్నికల్ అసిస్టెంట్ సార్ మార్కింగ్‌కు వస్తూ దారిలోంచే ఫోన్ చేశాడు, "అమ్మా, వాళ్ళ బాయి ఏ దిక్కున్నదో జెర వచ్చి చూపియ్యండి, ఫోటో తర్వాత కొడ్త" అని.